బొమ్మ లేని రీరికార్డింగ్: జాన్ కార్పెంటర్ ఆల్బమ్ వెనక కథ

2015 ఫిబ్రవరిలో అమెరికాలో సేక్రెడ్ బోన్స్ అనే చిన్న మ్యూజిక్ కంపెనీ 'లాస్ట్ థీమ్స్' పేరుతో ఒక ఆల్బమ్ విడుదల చేసింది. తొమ్మిది ట్రాకులు, ఒక్కదాంట్లోనూ మాటల్లేవు. సింథసైజర్ల (కరెంటుతో రకరకాల శబ్దాలు పుట్టించే కీబోర్డుల) చీకటి హోరు, మధ్యమధ్యలో ఎలక్ట్రిక్ గిటార్, అంతే. చేసింది 67 ఏళ్ల సినిమా దర్శకుడు జాన్ కార్పెంటర్. 'హాలోవీన్', 'ది థింగ్' అనే హారర్ సినిమాలు తీసింది ఈయనే. అప్పటికి ఆయన చివరి సినిమా 'ది వార్డ్' వచ్చి నాలుగేళ్లు దాటింది. సినిమాలు తగ్గాక పట్టిన కొత్త వ్యాపకంలా కనిపిస్తుంది గానీ, దీని మొదలు చాలా వెనక ఉంది.

కార్పెంటర్ పెరిగింది కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్‌లో. తండ్రి అక్కడి యూనివర్సిటీలో సంగీతం ప్రొఫెసర్, వయొలిన్ వాయించేవారు. ఆయన కొడుక్కి బొంగో డ్రమ్స్ మీద ఐదు దెబ్బల తాళం నేర్పారు. 1978లో 'హాలోవీన్'కి పియానో ట్యూన్ కావాల్సి వచ్చినప్పుడు కార్పెంటర్‌కి అక్కరకొచ్చింది ఆ పాఠమే. మన మృదంగం భాషలో చెప్పాలంటే తకిట తకిట తక తక: పది అక్షరాలు, దెబ్బకి రెండు చొప్పున. నోటితో పదిసార్లు అనుకుని చూడండి. నాలుగు దెబ్బల పాటలకు అలవాటుపడిన చెవి ఒకచోట కుదురుకోబోయేసరికి తాళం మళ్లీ మొదలైపోతుంది. ఎక్కడో ఏదో తేడాగా ఉందనే టెన్షన్ అక్కడే పుడుతుంది. తెర మీద హంతకుడు కనిపించక్కర్లేదు.

సింథసైజర్ పట్టడానికి కారణం మాత్రం డబ్బు లేకపోవడం. 'హాలోవీన్' మొత్తం బడ్జెట్టే సుమారు 3 లక్షల డాలర్లు. అంతకుముందు 1976లో తీసిన 'అసాల్ట్ ఆన్ ప్రెసింక్ట్ 13' ఇంకా చిన్న సినిమా. ఆర్కెస్ట్రాని పెట్టుకునే స్తోమత లేదు. సింథసైజర్ ఉంటే ఒక్కరే ట్రాకు మీద ట్రాకు వాయించుకుంటూ పోయి పదిమంది ఉన్నట్టు వినిపించవచ్చు. లాస్ ఏంజెలిస్‌లో ఒక సందులో ఇటుకల కట్టడం, అదే స్టూడియో. డాన్ వైమన్ అనే సంగీత నిపుణుడు ఆ పాత మెషిన్లను సిద్ధం చేసి ఇస్తే కార్పెంటర్ వాయించేవారు.

ఇక్కడే నాకు అసలు కీలకం కనిపిస్తుంది. మామూలుగా రీరికార్డింగ్ అంటే బొమ్మ చూస్తూ, సీను కొలతకి తగ్గట్టు సంగీతం కట్టడం. ఈ రెండు సినిమాలకీ ఆయన అలా చేయలేదు. బొమ్మ వేసుకోకుండా విడివిడి ముక్కలుగా సంగీతం చేసుకుని, తర్వాత సినిమాలో తగినచోట అతికించారు. సంగీతం లేని 'హాలోవీన్'ని చూసిన ఒక స్టూడియో అధికారిణికి అసలు భయమే వేయలేదట. ఆమెని మార్చింది ఆ ముక్కలే.

బొమ్మ చూస్తూ వాయించడం 1981లో 'ఎస్కేప్ ఫ్రమ్ న్యూయార్క్'తో, సౌండ్ నిపుణుడు అలాన్ హోవర్త్ తోడయ్యాక మొదలైంది. మరుసటి ఏడాది 'ది థింగ్'కి సంగీతం ఇవ్వడానికి ఇటలీ సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోన్ వచ్చారు. ఆ తర్వాత చాలా ఏళ్లు కార్పెంటర్ సినిమాలకి సంగీతం ఎక్కువగా ఆయనే, ఒక్కోసారి ఇంకొకరితో కలిసి.

'లాస్ట్ థీమ్స్' పుట్టింది ఇంట్లో. కొడుకు కోడీతో కూర్చుని కాసేపు వీడియో గేమ్స్ ఆడటం, తర్వాత కింద మ్యూజిక్ రూమ్‌లోకి దిగి తోచింది వాయించడం, మళ్లీ గేమ్స్. అలా గంటసేపటి సంగీతం పోగైంది. కొత్తగా ఏమైనా ఉందా అని లాయర్ అడిగితే అదే పంపారు, ఆల్బమ్ ఒప్పందం కుదిరింది. కోడీతో పాటు కార్పెంటర్‌కి గాడ్‌సన్ (చర్చి సంప్రదాయంలో కొడుకు వరస) అయిన గిటారిస్టు డేనియల్ డేవిస్ కూడా కలిసి పూర్తి చేశారు. టేపు పోయి కంప్యూటర్ వచ్చింది, డెడ్‌లైన్ లేదు. పద్ధతి మాత్రం 1978 నాటిదే: ఎదురుగా బొమ్మ లేదు. తేడా ఏమిటంటే, ఈసారి అతికించడానికి కూడా సినిమా లేదు. అది వినేవాళ్లు తమ తలలో తీసుకోవాల్సిందే. అందుకే ఈ ఆల్బమ్ నాకు ఆయన సినిమాలంత దగ్గరగా అనిపిస్తుంది.

2016లో రెండో భాగం, ఆపైన స్టేజి టూర్, 2021లో మూడోది, 2024లో నాలుగోది వచ్చాయి. మధ్యలో 2018లో ఇంకో దర్శకుడు కొత్త 'హాలోవీన్' తీస్తే, దానికి సంగీతం ఇచ్చింది ఈ ముగ్గురే. తాత బొంగోల మీద నేర్పిన లెక్కని మనవడు కూడా పట్టుకున్నాడు. థియేటర్లో మళ్లీ అదే పియానో: తకిట తకిట తక తక.