నోయిర్ పోర్ట్రెయిట్లు: అపోహలు - వాస్తవాలు

1940ల నాటి హాలీవుడ్ క్రైమ్ సినిమాల లైటింగ్‌తో, అంటే గాఢమైన వెలుగునీడల నోయిర్ స్టైల్లో, ఫోటోలు కావాలని అడిగేవాళ్లు రాజమండ్రి, భీమవరం, అమలాపురంలోనూ ఉన్నారు. అడిగేవాళ్లలోనూ తీసేవాళ్లలోనూ కొన్ని తప్పు అభిప్రాయాలు పాతుకుపోయాయి. వాటిలో చాలావాటికి మూలం ఒకటే. నోయిర్‌లో అసలు పని లైటు పెట్టడం కాదు, పెట్టిన లైటు అక్కర్లేని చోటికి పోకుండా ఆపడం.

అపోహ: ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుతురు) తగ్గిస్తే నోయిర్ వచ్చేస్తుంది.

ముఖంలో వెలుగు పడే వైపు సరైన ఎక్స్‌పోజర్‌లోనే ఉండాలి. వెలుతురు కొలిచే మీటర్‌లో అటు ఎఫ్/8 (లెన్స్ ద్వారం కొలత) వస్తే నీడ వైపు ఎఫ్/2.8 దగ్గర రావాలి, అంటే మూడు స్టాపుల తేడా (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది). అంత తేడా రావడం లేదంటే ముందు గోడల్ని అనుమానించండి. పది, పన్నెండు అడుగుల గది, తెల్ల పెయింటు, తక్కువ ఎత్తు సీలింగ్ అయితే లైటు వాటికి కొట్టుకుని తిరిగొచ్చి నీడని నింపేస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ తగ్గిస్తే వెలుగూ నీడా కలిసే దిగుతాయి. తేడా పెరగదు, ఫోటో మురికిగా కనిపిస్తుంది.

ముఖానికి నీడ వైపు రెండడుగుల దూరంలో నల్ల వెల్వెట్ గుడ్డ వేలాడదీయండి. శాటిన్ నల్లదైనా మెరుస్తుంది, పనికిరాదు. లైటు నుంచి ముఖానికి మూడడుగులు, ముఖం నుంచి వెనక గోడకి ఆరడుగులు ఉంటే గోడ మీద పడేది ముఖం మీద పడేదాంట్లో తొమ్మిదో వంతే. తెల్ల గోడ కూడా బూడిద రంగులోకి దిగిపోతుంది. సెషన్ మొదలుపెట్టే ముందు ఫ్లాష్ ఆపేసి ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) 100, షట్టర్ 1/125 సెకను, ఎఫ్/8లో ఒక షాట్ తీసి చూడాలి. ఫ్రేమ్ మొత్తం నల్లగా రావాలి. ఏమైనా కనిపిస్తే ట్యూబ్‌లైటో, కిటికీ సందో వెతకాలి.

అపోహ: లైటు ముందు బ్లైండ్స్ (పట్టీల కిటికీ తెర) అడ్డం పెడితే చారల నీడ పడుతుంది.

పడుతుంది, కానీ అలికేసినట్టు పడుతుంది. నీడ అంచు ఎంత మసకబారుతుందో చిన్న లెక్కతో తెలిసిపోతుంది. లైటు వెడల్పుని బ్లైండ్ నుంచి ముఖానికి ఉన్న దూరంతో గుణించి, లైటు నుంచి బ్లైండ్‌కి ఉన్న దూరంతో భాగించాలి. లైటుకి ఏడంగుళాల రిఫ్లెక్టర్ (గిన్నె లాంటి తొడుగు), బ్లైండ్‌కి ఎనిమిదడుగులు, అక్కడినుంచి ముఖానికి రెండడుగులు అనుకోండి. అంచు ఒకటిముప్పావు అంగుళం మసకవుతుంది. బ్లైండ్‌కి బదులు ఫోమ్ బోర్డులో కోసుకున్న సందులు అంగుళానివే అయితే చారలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అదే దూరాల్లో రెండంగుళాల నోరున్న స్నూట్ (లైటుకి తొడిగే గొట్టం) వాడితే మసక అరంగుళమే. వెలుగుని మెత్తగా పరిచే పెద్ద సాఫ్ట్‌బాక్స్‌తో ఈ పని అసలు కాదు.

బ్లైండ్సే కావాలని లేదు. మనకి కొబ్బరి మట్ట ఉంది. పచ్చి మట్టని స్టాండుకి కట్టి గోడకి అడుగున్నర దూరంలో పెడితే ఆకు ఆకూ విడివిడిగా గోడ మీద గీసుకుంటుంది. ఎల్ఈడీ లైటుతో తీసేటప్పుడు ఫ్యాను ఆపేయండి, ఆకులు కదిలితే నీడ చెదురుతుంది.

అపోహ: చామనఛాయ, నలుపు రంగు వాళ్లకి ఈ స్టైల్ నప్పదు.

ఇది అబద్ధం, పైగా మనుషుల్ని నొప్పించే అబద్ధం. గట్టి లైటుకి ముదురు చర్మం మీద చెక్కిలి ఎముక, ముక్కు దూలం వెంట వచ్చే మెరుపు తెల్లటి చర్మం మీద అంత స్పష్టంగా విడిపడదు. ఆ మెరుపే ముఖానికి ఆకారం ఇస్తుంది. పౌడర్ దట్టిస్తే అది చచ్చిపోయి ముఖం సున్నం కొట్టిన గోడలా తయారవుతుంది. నుదురు, పై పెదవి మీది చెమట టిష్యూతో అద్ది, చెక్కిళ్ల మీద మాత్రం వేలికొసతో కొబ్బరినూనె తాకిస్తే చాలు. వెనక నుంచి గ్రిడ్ (వెలుగు పక్కలకి పోకుండా ఆపే జాలీ) పెట్టిన చిన్న లైటు ఒకటి జుట్టుకీ భుజానికీ తగలాలి, లేకపోతే తల నల్ల బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతుంది. కెమెరాని ఆటోలో వదలొద్దు. అది వెనక ఉన్న నలుపు చూసి ఎక్స్‌పోజర్ పెంచి ముఖాన్ని కాల్చేస్తుంది.

అపోహ: కలర్‌లో ఎలా తీసినా తర్వాత బ్లాక్ అండ్ వైట్ చేసుకోవచ్చు.

ఎర్ర పట్టుచీర, పచ్చ అంచు కలర్‌లో కొట్టొచ్చినట్టు ఉంటాయి. నలుపు తెలుపులో రెండూ ఒకే బూడిద రంగు అయిపోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు స్లైడర్ (ఎరుపు ఎంత లేతగా కనిపించాలో మార్చే మీట) పెంచితే చీర విడిపడుతుంది గానీ, దాంతోపాటే కుంకుమ బొట్టు పాలిపోతుంది, ఎర్ర లిప్‌స్టిక్ మాయమవుతుంది. అందుకే నల్ల స్టిక్కర్ బొట్టు, ముదురు మెరూన్ లిప్‌స్టిక్ ముందే చెప్పాలి. చర్మాన్ని సరిచేయడానికి ఎరుపు కాదు, నారింజ స్లైడర్ ముట్టుకోవాలి. జరీ చీర అయితే లైటు కోణం కొంచెం తిప్పండి, నేరుగా తగిలితే జరీ తెల్లటి మచ్చలా పేలుతుంది.

అపోహ: టోపీ, ఓవర్‌కోటు తప్పనిసరి. అక్కర్లేదు. పంచె, కండువా, కళ్లజోడు చాలు.

అపోహ: ఫ్లాష్‌లు లేకుండా కుదరదు.

కోనసీమ మండువా లోగిలి దీనికి మంచి చోటు. మధ్యాహ్నం ఎండ మండువాలోంచి నిట్టనిలువుగా దిగుతుంది. మనిషిని ఎండలో కాకుండా అంచున, స్తంభం పక్కన నిలబెట్టాలి. నేల మీద పడిన ఎండ పైకి తన్ని గడ్డం కింద నీడని చెరిపేస్తుంది, అక్కడ నల్ల దుప్పటి పరవండి.

రాత్రి గోదావరి గట్టు మీద తీస్తే మనిషి వెనక నది వట్టి నలుపే. రాజమండ్రి పుష్కర ఘాట్ నుంచైతే అవతలి కొవ్వూరు దీపాలు ఫ్రేములో పడేలా నిలబెట్టి, మెట్ల మీద నీళ్లు చల్లితే తడి మీద వెలుతురు పాకుతుంది. వీధి దీపాల కింద షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టాలి, లేకపోతే కరెంటు మినుకు వల్ల ఒక్కో షాట్ ఒక్కోలా వస్తుంది. ఏసీ గదిలోంచి కెమెరా నేరుగా తేమలోకి తెస్తే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. జిప్ కవర్‌లో అరగంట ఉంచి తీయాలి.

అపోహ: స్క్రీన్ మీద బాగుంటే ప్రింటూ బాగుంటుంది.

స్క్రీన్ వెనకనుంచి వెలుగుతుంది, కాగితం వెలగదు. పైగా కలర్ పేపర్ మీద వేసిన నలుపు తెలుపు ఫోటోకి పచ్చ గానీ గులాబీ గానీ ఛాయ అంటుకోవచ్చు. పెద్ద ఫ్రేముకి ఆర్డర్ ఇచ్చే ముందు అదే ల్యాబులో, అదే పేపరు మీద 4×6 అంగుళాల ప్రింటు ఒకటి తీయించి పగటి వెలుతురులో చూడండి. జుట్టూ నల్ల కోటూ ఒకే ముద్దయితే సాఫ్ట్‌వేర్‌లో నీడల్ని కాస్త వెలిగించి, మళ్లీ 4×6 తీయించాలి.