వలస వచ్చి మెదడును అదుపు చేసే కణాలు

ఫిట్స్ వచ్చిన పిల్లవాడి ముక్కులో మిడజోలం స్ప్రే కొడితే, చాలామందిలో కొద్ది నిమిషాల్లోనే కుదుపులు ఆగి ఒళ్లు వదులవుతుంది. మెదడులో అప్పటికే ఉన్న గాబా అనే రసాయనానికి ఆ మందు బలమిస్తుంది, అంతే. గాబాను వదిలి పక్క కణాల జోరు తగ్గించేవే నిరోధక నాడీకణాలు. ఎలుక మెదడు పైపొర కార్టెక్స్‌లో ప్రతి అయిదారు నాడీకణాల్లో ఒకటి ఇదే.

వీటి పుట్టుక గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే. జోరు పెంచే కణాలు కార్టెక్స్ అడుగునే పుట్టి నిటారుగా పైకి వెళ్తాయి. ఇవి మాత్రం పరాయిచోటు నుంచి వస్తాయి. 1997లో స్టూవర్ట్ ఆండర్సన్, జాన్ రూబెన్‌స్టీన్ బృందం రెండు డీఎల్ఎక్స్ జన్యువులు లేని ఎలుక పిండాలను పరిశీలించింది. పిండం మెదడు అడుగుభాగంలోని ఉబ్బుల నుంచి కణాలు పైకి కదల్లేదు. కార్టెక్స్‌లో గాబా కణాలు బాగా తగ్గిపోయాయి.

ఆ ప్రయాణాన్ని మైక్రోస్కోపులో చూడొచ్చు. కణం ముందుకు ఒక చెయ్యి చాపుతుంది. అది రెండుగా చీలుతుంది. ఏ కొమ్మ వైపు వెళ్లాలో తేలాక రెండోదాన్ని వెనక్కి లాక్కుంటుంది. అప్పుడు కేంద్రకం ఒక్క గెంతు గెంతుతుంది. కాసేపు ఆగి, మళ్లీ చెయ్యి చాపుతుంది. మనుషుల్లో బిడ్డ పుట్టిన కొన్ని నెలల వరకూ నుదుటి వైపు మెదడులోకి ఈ కణాలు వస్తూనే ఉంటాయని 2016లో తేలింది.

ఏ ఉబ్బులో, ఎప్పుడు పుట్టిందన్న దాన్ని బట్టే చాలావరకు కణం రకం తేలుతుంది. బాస్కెట్ కణం పక్క కణం ఒంటిని బుట్టలా అల్లుకుంటుంది. మార్టినొట్టి కణం పైపొర దాకా పాకి, కబుర్లు అందుకునే కొమ్మలను పట్టుకుంటుంది. షాండెలియర్ కణం కొసలు కొవ్వొత్తుల వరుసలా నిలబడి, సంకేతం బయల్దేరే చోటే కాపు కాస్తాయి. ఇంకో రకం తోటి నిరోధక కణాలనే ఆపుతుంది. అంటే అది పట్టు సడలించే కణం.

పసితనంలోనే మొదలయ్యే తీవ్రమైన ఫిట్స్ జబ్బు డ్రావే సిండ్రోమ్. అది ఉన్న పిల్లల్లో చాలామందికి ఎస్‌సీఎన్1ఏ జన్యువులో లోపం ఉంటుంది. నాడీకణం సంకేతం పంపాలంటే సోడియం లోపలికి రావాలి. ఈ లోపంతో ఆ సోడియం వెళ్లే ద్వారాల్లో ఒక రకం సగం దాకా తగ్గుతుంది. ఆ దెబ్బ ముందుగా తగిలేది నిరోధక కణాలకే అని ఎలుకల్లో తేలింది. వేరే రకం ఫిట్స్‌లో బాగా పనిచేసే కార్బమజెపిన్ అనే మందు కూడా సోడియం ద్వారాలనే అడ్డుకుంటుంది. అందుకే ఈ పిల్లలకు అది ఇస్తే ఫిట్స్ పెరగొచ్చు.