కారం ప్యాకెట్ మీద గళ్ళ గుర్తు

చిరంజీవులకు ఆశీస్సులు.

పెద్దపాప అడిగిన ప్రశ్న బాగుంది. కారం ప్యాకెట్ మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే రైతు పేరు, ఊరు, కోత తేదీ వచ్చాయట. "ఎవరైనా ఏదైనా రాసెయ్యొచ్చు కదా తాతయ్యా, నమ్మేదెట్లా?" అంది. రాసింది తర్వాత ఎవరైనా మారిస్తే బయటపడేలా పద్దులు రాసే పద్ధతి ఒకటుంది. దానికి బ్లాక్‌చెయిన్ అని పేరు పెట్టి పెద్ద పెద్ద మాటలు చెబుతుంటారు. మనకు కిరాణా కొట్టు పద్దు పుస్తకం చాలు.

పద్దు పుస్తకంలో పేజీ నిండగానే అడుగున మొత్తం వేస్తారు. ఆ మొత్తాన్నే తర్వాతి పేజీ మొదటి వరసలో ఎత్తి రాస్తారు. మూడో పేజీలో ఎవడైనా పాతికను యాభై చేశాడనుకోండి, అక్కడి మొత్తం మారాలి, నాలుగో పేజీ మొదలు మారాలి, అలా చివరిదాకా దిద్దుకుంటూ పోవాలి. కంప్యూటర్లో ఆ పేజీనే బ్లాకు అంటారు. మొత్తానికి బదులు, పేజీలోని రాతంతటి నుంచీ ఒక గుర్తు లెక్కగట్టి తర్వాతి పేజీకి ఎత్తుతారు. అది హ్యాష్. షా-256 అనే పద్ధతిలో ఆ గుర్తు పొడవు 64 అక్షరాలూ అంకెలూ. బస్తా బరువు 42 కిలోలని ఉన్నచోట 43 చేసి చూడండి, పాతదానితో పోలికే లేని గుర్తు వస్తుంది.

పైగా పుస్తకం ఒక్క కొట్లోనే ఉండదు. రైతు సంఘం, కోల్డ్ స్టోరేజీ, మిల్లు, ల్యాబు, ఎగుమతిదారు తలా ఒక నకలు ఉంచుకుంటారు. ఒకరు తమది దిద్దుకున్నా మిగతావాటితో కలవదు. నకళ్ళన్నీ ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయంటే మాత్రం, పేరేదైనా అది వాళ్ళ సొంత చిట్టానే.

గుంటూరు మిర్చి సంగతి చూద్దాం. 2021లో కేంద్ర ప్రభుత్వ సుగంధ ద్రవ్యాల సంస్థ అయిన స్పైసెస్ బోర్డు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈ పద్ధతి కోసం ఒప్పందం చేసుకున్నాయి. ముందు ఆంధ్రప్రదేశ్‌లో మిర్చి, పసుపు పండించే 3,000 మందికి పైగా రైతులతో మొదలుపెట్టాలనుకున్నారు. వినడానికి తేలికే. పని చేలో మొదలవుతుంది. ఏ మందు, ఎంత మోతాదు, ఏ రోజు కొట్టారో ఆ రోజే ఎక్కించాలి. చేలో సిగ్నల్ దొరక్క, సాయంత్రం ఊళ్ళో ఒక కుర్రాడు అందరి పద్దులూ నోటిమాట మీద ఎక్కిస్తే తప్పులు దూరేది అక్కడే.

తర్వాత కల్లం. పండు కాయలో తేమ 65 నుంచి 80 శాతం ఉంటుంది. ఎండబెట్టి 10 శాతం దగ్గరికి తేవాలి. పచ్చి ఆరకుండా టిక్కీలకు, అంటే మిర్చి బస్తాలకు, ఎత్తితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. కాబట్టి తేమ మీటరు రీడింగు, తూకం రాసి టిక్కీకి నంబరు చీటీ కట్టాలి. మూతి కుట్టేటప్పుడే దారంతో కలిపి కుట్టేస్తే మేలు, పైన అతికించింది హమాలీ భుజం మీదే ఊడిపోతుంది. ఆ నంబరు వెంటే మార్కెట్ యార్డులో అమ్మిన లాటు (కుప్ప) నంబరు, కోల్డ్ స్టోరేజీలో దించిన రోజు, తీసిన రోజు, మిల్లు బ్యాచ్ రావాలి. మా చిన్నప్పుడు ఈ బాధ లేదు. తెలిసిన చేలో కాయలు, పెరట్లో రోలు. ఇప్పుడు కాయకీ కంచానికీ మధ్య అరడజను చేతులు.

పద్దు పుస్తకానికి ఒక దుర్గుణం ఉంది. షావుకారు ముప్పావు కిలో ఇచ్చి కిలో అని రాస్తే, ఆ అబద్ధాన్ని కూడా అంతే భద్రంగా దాస్తుంది. బ్లాక్‌చెయినూ అంతే, తర్వాత మార్చారా అన్నది పట్టుకుంటుంది గానీ, మొదట రాసింది నిజమా అని అడగదు. దాన్ని పట్టడానికి మీ కూడికలు, తీసివేతలే ఆధారం. 100 కిలోల పండు కాయ ఎండితే 25 నుంచి 35 కిలోలు వస్తుంది. 1,000 కిలోలు కోసినట్టున్న రైతు పేరు మీద 500 కిలోల ఎండుమిర్చి కనబడితే, మధ్యలో ఇంకెవరివో కలిశాయి. మిల్లులో రెండు లాట్లు ఒకే కుప్ప పోసినా ఇలాగే లెక్క తప్పుతుంది. నిజంగానే పొరపాటున రాస్తే చెరపడానికి వీల్లేదు, కింద సవరణ పద్దు వేసుకోవాలి. పాతదీ కనబడుతూనే ఉంటుంది.

క్యూఆర్ కోడ్‌ను జిరాక్సు తీసి దొంగ ప్యాకెట్ల మీద అంటించొచ్చు కూడా. అందుకే ప్యాకెట్‌కో నంబరు ఉండాలి. ఒకే నంబరును ఒకే పూట విశాఖలోనూ వరంగల్‌లోనూ స్కాన్ చేశారంటే అనుమానించాలి.

సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు కల్లానికి వెళ్ళండి. గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఊపండి, ఎండినవైతే లోపల గింజలు గలగలమంటాయి. ఆ పక్కనే కాటా దగ్గర నిలబడి, తూకం చూసేదెవరో, ఫోన్‌లో ఎక్కించేదెవరో, రెండు అంకెలూ ఒకటేనో కాదో చూసి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య