షెల్లీ బీచ్‌కి వెళ్లే పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. మన ఊళ్లలో భోగిమంటలు వేసే రోజుల్లో సిడ్నీలో నడివేసవి. బడులకు సెలవులు, ఊరంతా సముద్రం వైపే నడుస్తుంది. ఈసారి మీరు షెల్లీ బీచ్‌కి వెళుతున్నారని తెలిసింది. పెద్ద బీచ్‌ని వదిలి ఈ చిన్నదాన్ని ఎంచుకోవడం చాలా మంచి పని. అయితే అక్కడి నీళ్లు ఎందుకు అంత నెమ్మదిగా ఉంటాయో తెలుసుకుని వెళ్లండి. అది తెలిస్తే ఆ నెమ్మది ఏ రోజున ఉండదో కూడా మీకే తెలుస్తుంది.

ముందు దారి చెబుతాను. సర్క్యులర్ కీలో మూడో నంబరు రేవు దగ్గర మాన్లీ ఫెర్రీ ఎక్కండి. సుమారు అరగంట ప్రయాణం. అమ్మానాన్నల బ్యాంకు కార్డుతో మీకూ ట్యాప్ చేస్తే పెద్దవాళ్ల ఛార్జీ పడుతుంది. కాబట్టి పిల్లల ఓపల్ కార్డు, అంటే అక్కడి బస్సు, రైలు, ఫెర్రీలకు వాడే కార్డు, దగ్గర ఉంచుకోండి. రేవు దిగగానే ఎదురుగా కోర్సో అనే వీధి ఉంటుంది. దాని చివరికి నడిస్తే మాన్లీ బీచ్. అక్కడ కుడికి తిరిగి, బీచ్ చివరిదాకా వెళ్లి, నీటి అంచునే ఉన్న సిమెంటు బాట పట్టండి. దారిలో ఫెయిరీ బవర్ అనే త్రికోణపు ఈతకొలను కనిపిస్తుంది. సముద్రపు నీళ్లతోనే నిండే కొలను అది. ఇంకాస్త ముందుకెళితే షెల్లీ. రేవు నుంచి మొత్తం ఇరవై, ఇరవై అయిదు నిమిషాల నడక. కారులో వెళ్లాలని నాన్న అంటే, పార్కింగ్ చిన్నదని, డబ్బు కట్టాలని, సెలవురోజున పొద్దున్నే నిండిపోతుందని చెప్పండి.

ఇప్పుడు అసలు సంగతి. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో బీచ్‌లన్నీ దాదాపు తూర్పుకే ముఖం పెట్టి ఉంటాయి. షెల్లీ మాత్రం పడమర, వాయవ్యాల వైపు చూస్తుంది. దాని వెనక సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండ ఒకటి ఉంది. సిడ్నీకి పెద్ద అలలు ఎక్కువగా దక్షిణం, ఆగ్నేయం నుంచి వస్తాయి. ఆ కొండ వాటికి అడ్డంగా నిలబడుతుంది. అల దాని కొనను చుట్టి, వంగి, బలం పోగొట్టుకుని లోపలికి వస్తుంది. అందుకే మాన్లీలో మనిషి తల ఎత్తున అల విరుగుతున్న రోజున కూడా షెల్లీలో చిన్నపిల్లలు మోకాళ్ల లోతులో ఆడుకుంటుంటారు.

కొండ కాచేది ఒక పక్కనే. ఉత్తరం, ఈశాన్యం వైపు షెల్లీ తెరుచుకునే ఉంది. వేసవి మధ్యాహ్నాల్లో ఈశాన్యపు గాలి లేస్తుంది. అది రెండు మూడు రోజులు వరసగా వీస్తే చిన్న అలలు లోపలికి వస్తాయి, ఇసుక లేచి నీళ్లు మసకబారతాయి, బ్లూబాటిళ్లు, అంటే జెల్లీఫిష్‌లాంటి కుట్టే నీలి ప్రాణులు, కొట్టుకొస్తాయి. బయలుదేరే ముందు ఫోనులో గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో చూడండి. పడమటి గాలి అయితే నీళ్లు గాజులా ఉంటాయి. ఈశాన్యం అయితే పొద్దున్నే వెళ్లి పది, పదకొండింటికల్లా నీళ్లలోంచి బయటికి రండి.

ఇంకొక మాట, దీన్ని జాగ్రత్తగా చదవండి. షెల్లీకి వెళ్లే దారిలో మాన్లీ బీచ్ పక్కనుంచే నడుస్తారు కదా. ఓ నిమిషం ఆగి అలలు చూడండి. అటూ ఇటూ తెల్లగా నురగ కడుతూ అలలు విరుగుతుంటాయి, నడుమ ఒకచోట మాత్రం నురగ లేకుండా కాస్త ముదురు రంగులో, నెమ్మదిగా ఉంటుంది. ఈత రానివాళ్లకు అదే మంచిచోటు అనిపిస్తుంది. అది రిప్. ఒడ్డుకు చేరిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే కాలువ అది. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు. షెల్లీ నెమ్మది కొండ కాచినందువల్ల వచ్చింది, ఈ నెమ్మది నీళ్లు లోపలికి లాగుతున్నందువల్ల వచ్చింది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. మన విశాఖ తీరంలో ప్రాణాలు తీసేదీ ఇలాంటి లాగుడే. ఎప్పుడైనా అందులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకండి, అలసిపోతారు. వెల్లకిలా తేలండి, చెయ్యి పైకెత్తండి, అరవండి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, అలలు తెల్లగా విరిగే వైపు ఈదండి. మాన్లీలో దిగాలనిపిస్తే ఎరుపు పసుపు జెండాల మధ్యనే దిగాలి. షెల్లీలో జెండాలు కనిపించకపోతే కాపలా ఎవరూ లేరని అర్థం. అప్పుడు ఈత బాగా వచ్చిన పెద్దవాళ్లు ఒకరు మీతో నీళ్లలోనే ఉండాలి. గట్టున కూర్చుని ఫోను చూసుకునే పెద్దవాళ్లు లెక్కలోకి రారు.

షెల్లీ ముందున్న నీళ్ల పేరు క్యాబేజ్ ట్రీ బే. 2002 నుంచి అది రక్షిత జలచర ప్రాంతం, విస్తీర్ణం సుమారు 20 హెక్టార్లు. గాలం వేయకూడదు, వల వేయకూడదు, దేన్నీ పట్టకూడదు. ఇన్నేళ్లుగా ఎవరూ వేటాడకపోవడంతో అక్కడి చేపలకు మనుషులంటే బెదురు తక్కువ. అన్నిటికన్నా ముందు మీ దగ్గరికి వచ్చేది బ్లూ గ్రోపర్. మీటరు దాకా పెరిగే చేప, మందపాటి పెదవులు, నెమలి మెడలాంటి నీలం. 1998లో న్యూ సౌత్ వేల్స్ దాన్ని తమ రాష్ట్ర చేపగా ప్రకటించింది. ఇది పుట్టడం ఆడచేపగానే పుడుతుంది. గోధుమరంగులో ఏళ్ల తరబడి ఉండి, వాటిలో కొన్ని పెద్దయ్యాక మగచేపలై నీలంగా మారతాయి. కుక్కపిల్లలా వెంట తిరుగుతుంది. తిండి పెట్టకండి, తాకకండి, ఊరికే తేలుతూ ఉండండి. అదే వచ్చి మీ మాస్క్‌లోకి, అంటే నీళ్లలో చూడటానికి కళ్లకూ ముక్కుకూ పెట్టుకునే అద్దంలోకి, చూస్తుంది.

మాస్క్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సరదా చెడేది ఎక్కువగా అక్కడే. కొనేటప్పుడు పట్టీ తలకు వేసుకోకుండా మాస్క్‌ని ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి పీల్చి, చెయ్యి తీసేయండి. ఊపిరి బిగబట్టినంతసేపూ పడిపోకుండా ఉంటే అది మీ ముఖానికి సరిపోయినట్టు. కొత్త మాస్క్ అద్దానికి లోపల కంటికి కనపడని పొర ఉంటుంది. మామూలు తెల్ల టూత్‌పేస్టు వేలితో రెండు మూడు సార్లు రుద్ది కడిగితే అది పోతుంది. కడగకుండా వాడితే ఎంత తుడిచినా ఆవిరి పట్టేస్తుంది. దిగే ముందు లోపల ఒక చుక్క బేబీ షాంపూ రాసి, సముద్రపు నీళ్లతో ఒక్కసారి తొలపండి. అంచు కింద వెంట్రుక ఇరుక్కుంటే నీళ్లు కారతాయి, జడ వేసుకునే పిల్లలు నుదుటి దగ్గర వేలితో తడిమి చూసుకోవాలి. మీసం ఉన్న నాన్నలకు పైపెదవి దగ్గర కారుతుంది. పట్టీ బిగిస్తే కారడం ఆగుతుందనుకుంటారు. అతిగా బిగిస్తే అంచు వంకర తిరిగి ఇంకా ఎక్కువ కారుతుంది.

తర్వాత నడుములోతు నీళ్లలో నిలబడి, వంగి, ముఖం మాత్రం ముంచి, స్నార్కెల్ అనే ఊపిరి గొట్టంతో రెండు నిమిషాలు ఊపిరి తీయండి. మొదట గుండె దడదడ కొట్టుకుంటుంది, నాలుగైదు ఊపిర్లలో సర్దుకుంటుంది. గొట్టంలోకి నీళ్లొస్తే పీల్చకండి. "తూ" అని ఒక్కసారి గట్టిగా ఊదితే నీళ్లు పైకి ఎగిరిపోతాయి. ఇది పదిసార్లు చేసి అలవాటయ్యాకే కాళ్లు పైకెత్తి తేలండి. నడుమంతా ఇసుకే కాబట్టి అక్కడ చేపలు తక్కువ. నీళ్లకు ఎదురుగా నిలబడితే కుడివైపు, కొండ అంచు వెంట ఉన్న రాళ్ల దగ్గరే అసలు లోకం ఉంది. రాళ్లకు రెండు మూడు మీటర్ల ఎడంగా ఈదండి, సందుల్లోకి పోకండి. జంటగా వెళ్లండి, ప్రతి నిమిషానికీ ఒకసారి తలెత్తి జంటను, ఒడ్డును చూసుకోండి. ఎక్కువసేపు మునగాలని గబగబా పది పదిహేను ఊపిర్లు పీల్చి మునగడం ఎప్పుడూ చేయవద్దు. ముందస్తు హెచ్చరిక ఏమీ లేకుండా నీళ్లలోనే స్పృహ తప్పుతుంది.

నీళ్లలో సొరచేపలు కనబడవచ్చు. అడుగున తివాచీలా పరుచుకుని పడుకునేది వాబెగాంగ్. దాని మూతి చుట్టూ కుచ్చులు వేలాడుతుంటాయి. తొక్కితే, తోక లాగితే కరిచి పట్టుకుంటుంది, లేకపోతే కదలదు. వేసవి చివర్లో డస్కీ వేలర్ అనే జాతి పిల్లసొరలు కూడా తిరుగుతాయి. మనుషులను చూసి అవే తప్పుకుంటాయి. రాళ్ల మీద నల్లటి పొడుగు ముళ్లతో ఉండేవి సీ అర్చిన్లు. వాటి ముల్లు గుచ్చుకుంటే చర్మంలోనే విరిగిపోతుంది, అందుకని నీళ్లలోకి కూడా రబ్బరు బూట్లు వేసుకోండి.

నేను నిజంగా భయపడేది మాత్రం అరచేతిలో పట్టేంత ప్రాణి ఒకదాని గురించి. ఆటు వేళ రాతిగుంటల్లో నీళ్లు నిలుస్తాయి, వాటిల్లో చిన్న పీతలు, నత్తలు భలే కనిపిస్తాయి. బ్లూ రింగ్డ్ ఆక్టోపస్ ఉండేదీ అక్కడే. మామూలుగా మట్టిరంగులో ఉంటుంది. కదిలిస్తే ఒంటి మీద నీలి ఉంగరాలు వెలుగుతాయి. కరిచినట్టు కూడా తెలియదు, కాని ఆ విషం ఊపిరి తీసే కండరాలను పడగొడుతుంది. విరుగుడు మందు లేదు. వెంటనే అక్కడి అత్యవసర నంబరు 000కి ఫోను చేసి, కరిచిన కాలో చెయ్యో మొత్తాన్ని వెడల్పాటి బ్యాండేజీతో గట్టిగా చుట్టి కదలకుండా ఉంచాలి. ఊపిరి ఆగితే సాయం వచ్చేదాకా నోటితో ఊపిరి ఊదుతూనే ఉండాలి, అలా చేస్తే మనిషి బతుకుతాడు. అందుకే గుంటల్లోకి కళ్లు పెట్టండి, వేళ్లు పెట్టకండి. ఖాళీ గవ్వను కూడా తీయవద్దు. ఆ ఆక్టోపస్ అందులో దూరి ఉండవచ్చు, సన్యాసి పీతకు అదే ఇల్లు అయి ఉండవచ్చు.

బ్లూబాటిల్ కుడితే మంట భరించలేనంతగా ఉంటుంది, అయినా ప్రాణభయం చాలా అరుదు. రుద్దకండి, ఇసుక పూయకండి. అంటుకున్న నీలి పోగులను వేళ్లతో తీసేసి, సముద్రపు నీళ్లతో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, అంటే 45 డిగ్రీల దాకా, 20 నిమిషాలు ఉంచాలి. పెద్దవాళ్లు ముందు తమ చేతితో వేడి చూడాలి. వేడినీళ్లు దొరక్కపోతే ఐసు పెట్టండి. దీనికి వెనిగర్ వాడకూడదు. క్వీన్స్‌లాండ్ ఉత్తరాన, కెయిర్న్స్ వైపు వెళితే మాత్రం లెక్క మారుతుంది. అక్కడి బాక్స్ జెల్లీఫిష్ ప్రాణం తీయగలదు, దానికి వెనిగరే పోయాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తుంటారు, మీరు గుర్తుపెట్టుకుని వాళ్లకు చెప్పండి.

ఎండ గురించి మనవాళ్లకు ఒక అపోహ ఉంది, మన చామనఛాయకు ఏమీ కాదని. కొంత మేలే కాని అది చాలదు. ఎండలోని అతినీలలోహిత కిరణాల బలం చెప్పేది యూవీ సూచిక. సిడ్నీ వేసవిలో అది 11 కూడా దాటుతుంది, 3 దగ్గరే జాగ్రత్త మొదలుపెట్టమని అక్కడి సలహా. మబ్బు పట్టిన చల్లని రోజున కూడా చర్మం కాలుతుంది, ఎందుకంటే కాల్చేది వేడి కాదు, కంటికి కనిపించని ఆ కిరణం. వేసవిలో గడియారం గంట ముందుకు జరుపుతారు కాబట్టి నడినెత్తిన ఎండ ఒంటిగంటకు. పొడుగు చేతుల రాష్ వెస్ట్, అంటే ఒంటికి అతుక్కునే ఈత చొక్కా, వేసుకోండి. నూలు చొక్కాలు, చుడీదార్లు తడిస్తే బరువెక్కి కిందికి లాగుతాయి. 50 ప్లస్ సన్‌స్క్రీన్ ఎండలోకి వెళ్లడానికి 20 నిమిషాల ముందు రాయాలి. పెద్దవాళ్లకు లెక్క ఏడు టీ చెంచాలు: చేతికొకటి, కాలికొకటి, ఛాతీకి, వీపుకి, ముఖం మెడ చెవులకు కలిపి ఒకటి. మీకు ఒంటిని బట్టి తగ్గించుకోవచ్చు. రెండు గంటలకొకసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి.

పెద్ద వాన పడితే ఒకరోజు ఆగి వెళ్లండి. వీధుల మురుగంతా వాననీటి కాలువల్లో సముద్రానికే చేరుతుంది. బీచ్‌వాచ్ అనే ప్రభుత్వ కార్యక్రమం ఏ బీచ్‌లో నీళ్లు ఎలా ఉన్నాయో రోజూ చెబుతుంది, పొద్దున్నే చూడండి.

పులిహోర డబ్బా గట్టిమూత పెట్టి తీసుకెళ్లండి. సీగల్స్ చేతిలోంచే లాక్కుపోతాయి. వెనకున్న పొదల్లోంచి బ్రష్ టర్కీ అనే నల్లకోడి వచ్చి సంచులు వెతుకుతుంది. రాళ్ల మీద ఎండ కాచుకుంటున్న తొండలాంటిది వాటర్ డ్రాగన్. దానికి అన్నం మెతుకు కూడా వేయకండి, పురుగులు, పండ్లు, ఆకులు తిని బతికే ప్రాణి అది.

సాయంత్రం కూడా కాసేపు ఉండండి. పడమటి ముఖం కాబట్టి సూర్యుడు పడమటికి వాలడం షెల్లీ ఇసుకలో కూర్చునే చూడవచ్చు. తిరిగి వెళ్లేటప్పుడు మాస్క్‌ని మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి, ఎండలో పెడితే రబ్బరు పెళుసెక్కుతుంది. గ్రోపర్ కనిపించిందో లేదో, ఏ రంగుదో నాకు రాయండి.

ప్రేమతో,
మీ పెద్దనాన్న