అమ్మకు రొమ్ము క్యాన్సర్: మా వార్డులో రోజూ వినే అపోహలు

పదకొండేళ్లుగా కీమో వార్డులో, అంటే క్యాన్సర్ మందులు ఎక్కించే వార్డులో, నర్సుని. మధ్యలో ఒక ఏడాది అదే వార్డులో పేషెంటుగా కూర్చున్నాను. అప్పటికి మా పాపకు ఏడేళ్లు. అందరికీ గడగడా అప్పజెప్పిన మాటలు కొన్ని నాకే మింగుడుపడలేదు.

అపోహ: పిల్లలకు చెప్పకూడదు, బెంగ పెట్టుకుంటారు.

నేనూ చెప్పలేదు. గ్యాస్ట్రిక్ ట్రబుల్ అన్నాను. మొదటి కీమో అయిన పదిహేడో రోజు పొద్దున పాపకు జడ వేస్తుంటే, నా వెంట్రుకలు దాని యూనిఫాం మీద రాలాయి. ఒక్కొక్కటీ ఏరి కంపాస్ బాక్సులో దాచింది. "నేను అన్నం తినకుండా విసిగించాననా అమ్మా?" అంది. ఆ వయసు పిల్లలు చాలామంది ఇంట్లో ఏం జరిగినా తమ తప్పే అనుకుంటారు. అందుకే జబ్బు పేరు చెప్పాలి, నీవల్ల రాలేదనీ ముట్టుకుంటే అంటదనీ చెప్పాలి. రేపటి నుంచి టిఫిన్ బాక్సు ఎవరు కడతారో కూడా చెప్పాలి. నిజానికి పిల్లలకు కావాల్సింది అదే. "తగ్గిపోతుందా?" అని అడిగితే ఒట్టు వేయకండి. "మందులు వాడుతున్నాం, ఏం తెలిసినా నీకు చెప్తా" అంటే చాలు.

అపోహ: మా వంశంలో లేదు, పైగా పిల్లలకు పాలిచ్చాను. నాకెందుకు వస్తుంది?

వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. పాలివ్వడం వల్ల ముప్పు తగ్గే మాట నిజమే. 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకు 4.3 శాతం తగ్గుతుంది. తగ్గడమంటే రాకపోవడం కాదు. నేను రెండేళ్లు ఇచ్చాను. ఇంకోటి, నొప్పి లేదు కదా అని గడ్డను వదిలేయకండి, మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. ముక్క పరీక్ష (బయాప్సీ) చేస్తే క్యాన్సర్ పాకుతుందన్నది ఒట్టి మాట.

అపోహ: కరెంటు (రేడియేషన్) పెట్టించుకుంటే పిల్లల్ని దగ్గర పడుకోబెట్టకూడదు.

బయటి నుంచి మెషీన్‌తో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగలదు. హాయిగా పడుకోబెట్టుకోండి. జాగ్రత్త కావాల్సింది కీమోకి: మందు ఎక్కించాక రెండు రోజులపాటు బాత్రూంలో మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి, వాంతి శుభ్రం చేసేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి. పాలిచ్చే తల్లి అయితే, మందు పాలలోకి దిగుతుంది కాబట్టి కీమో నడిచినన్నాళ్లు ఆపాలి.

అపోహ: అమ్మ ఏడవకూడదు, ధైర్యంగా ఉంటేనే తగ్గుతుంది.

తగ్గేది మందుతో. ఏడ్చినంత మాత్రాన క్యాన్సర్ పెరగదు. నేనూ ఒకప్పుడు నరం వెతుకుతూ "ధైర్యంగా ఉండమ్మా" అనేదాన్ని. నాకెవరైనా ఆ మాట అంటే ఒళ్లు మండేది. ఇప్పుడు "సాయంత్రం పిల్లల్ని స్కూల్ నుంచి ఎవరు తెస్తున్నారు?" అని అడుగుతున్నాను. చాలామందికి కన్నీళ్లు అప్పుడే వస్తాయి. సెలైన్ అయ్యేలోపు ఫోన్ తీసి ఆడపడుచుకో, పక్కింటావిడకో చేస్తుంటారు.