‘ఐ అగ్రీ’ నొక్కింది ఎవరు?

హన్మకొండలోనో కాజీపేటలోనో ఎంసెట్ ఫారం నింపడానికి నెట్ సెంటర్‌కి పోయిన పిల్లల్లో చాలామందికి మొదటి మెయిల్ ఐడీ అక్కడే తయారైంది, షరతుల కింద ‘ఐ అగ్రీ’ నొక్కింది కూడా ఎక్కువగా నెట్ సెంటర్ అన్ననే. చదవడానికి టైమ్ ఎవరికుంది, వెనక లైన్ ఉంటుంది కదా. కాగితం మీద మాత్రం అది ఆ పిల్లల అంగీకారమే.

ఈ అంగీకారం గొడవ మాత్రం 2004 నాటిది. ఆ ఏడాది ఏప్రిల్ 1న గూగుల్ జీమెయిల్ తెచ్చింది. మిగతావాళ్లు ఉచితంగా కొన్ని ఎంబీలే ఇస్తున్న రోజుల్లో ఏకంగా 1 జీబీ ఇచ్చి, బదులుగా మన ఉత్తరాల్లోని మాటలను బట్టి పక్కన యాడ్స్ పెట్టింది. చదివేది కంప్యూటరే, మనుషులు కాదు అని గూగుల్ చెప్పుకుంది. సరే, జీమెయిల్ ఉన్నవాళ్లు ఒప్పుకున్నారనే అనుకుందాం, మరి యాహూ నుంచి వాళ్లకు ఉత్తరం రాసినాయన ఎప్పుడు ఒప్పుకున్నాడు? అదే నెలలో ప్రైవసీ, పౌరహక్కుల కోసం పనిచేసే 31 సంస్థలు గూగుల్‌కు లేఖ రాసి ఈ స్కానింగ్ ఆపమన్నాయి.

గూగుల్ ఆపలేదు. 2013లో కాలిఫోర్నియాలో జడ్జి లూసీ కో, షరతులకు ఊ కొట్టినంత మాత్రాన స్కానింగ్‌కు ఒప్పుకున్నట్టు కాదంటూ, దీని మీద గూగుల్‌పై వేసిన కేసును కొట్టేయడానికి నిరాకరించారు. కానీ మరుసటి ఏడాది, వాడకందారులందరి తరఫున ఒకే కేసుగా నడపడానికి ఆమే అనుమతివ్వలేదు. చివరికి 2017లో, యాడ్స్ కోసం మెయిళ్లు స్కాన్ చేయడం ఆపుతామని గూగుల్ ప్రకటించింది. యాడ్స్ మాత్రం పోలేదు, మనం వెతికినవి, చూసినవి బట్టి ఇప్పటికీ ప్రమోషన్స్ ట్యాబ్‌లో మెయిళ్ల మధ్యే వచ్చి కూర్చుంటాయి. అనుమతి అడగకుండా అట్లా పెట్టినందుకు, కుకీల (మనం నెట్‌లో చూసేవాటిని గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్ల) విషయం కూడా కలిపి, 2025 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ 32.5 కోట్ల యూరోల జరిమానా వేసింది.

మన దగ్గర ప్రైవసీ ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న చెప్పింది, డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో. ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి ఇంకో 18 నెలల గడువు ఇచ్చారు. అంగీకారం స్పష్టంగా ఉండాలి, వెనక్కి తీసుకోవడం ఇచ్చినంత తేలిక కావాలి, కావాలంటే ఆ నోటీసు తెలుగులోనూ చదువుకునే వీలుండాలి అంటుంది చట్టం. నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది పిల్లల సంగతి: 18 ఏళ్లలోపు వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి, వాళ్లకు గురిపెట్టి యాడ్స్ వేయడం నిషేధం. ఇంటర్ చదువుతూ ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) రాసేవాళ్లలో ఎక్కువమంది ఆ వయసు వాళ్లే. అందుకే అకౌంట్ తెరిచే పేజీ అమ్మానాన్నలకు అర్థమయ్యే తెలుగులో, నాలుగు ముక్కల్లో ఉండాలని కంపెనీలను ఇప్పుడే గట్టిగా అడగాలి.