అంబారీ ఎక్కబోయే ముందు

చిరంజీవులైన నా మనవలకు, మనవరాళ్లకు తాతయ్య దీవెనలు.

సంక్రాంతి సెలవుల్లో మీరంతా జైపూర్ వెళ్తున్నారనీ, అమేర్ కోట మీదికి ఏనుగెక్కి వెళ్లాలని పట్టుబట్టారనీ, నేను వద్దన్నానని తెలిసి చిన్నవాడు అలిగి అన్నం మానేశాడనీ మీ అమ్మమ్మ చెప్పింది. ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. "మనం ఎక్కకపోతే దానికి మేత ఎవరు పెడతారు తాతయ్యా?" అని పెద్దమ్మాయి అడిగిన ప్రశ్న నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఏనుగు వీపు గురించి చెప్పాలి.

అంతకన్నా ముందు ఒక మాట ఒప్పుకోవాలి. ఎనిమిదేళ్ల వయసులో నేనూ ఒక జంతుప్రదర్శనశాలలో ఏనుగు ఎక్కాను. దాని కాళ్లకు గొలుసు ఉన్నదో లేదో ఈనాటికీ నాకు గుర్తు లేదు. ఆ పూట నేను చూసిందల్లా కింద నిలబడి చెయ్యి ఊపుతున్న మా నాన్నగారిని మాత్రమే.

అంత పెద్ద జంతువుకు మన బరువు ఒక లెక్కా అని మీకు అనిపించడం సహజమే. అయితే ఏనుగు వెన్నుపూసల నుంచి ఎముకలు కొమ్ముల్లా పైకి పొడుచుకు వచ్చి ఉంటాయి, వాటి మీద పెద్దగా కండ ఉండదు. అంబారీ బరువు, అందులో కూర్చున్నవారి బరువు, మెడ మీద మావటి బరువు కలిసి ఆ వీపు మీదే పడతాయి. పైగా ఏనుగుకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు కనుక, ఒంటి వేడిని పోగొట్టుకోవడానికి అది చెవులు విసురుకోవాలి, నీళ్లలో మునగాలి, బురద పూసుకోవాలి, నీడకు చేరాలి. ఎండలో రాతి దారి మీద బరువు మోస్తూ ఎక్కుతున్న ఏనుగుకు చెవులు తప్ప మిగిలినవేవీ అందుబాటులో ఉండవు.

ఇంకొక సంగతి మీ పాఠ్యపుస్తకాల్లో ఉంటుందో లేదో నాకు అనుమానమే. ఆవు, ఎద్దు, గుర్రం వేల ఏళ్లుగా మనిషి దగ్గర పుట్టి పెరిగి, తరతరాలుగా మచ్చికైన జాతులు. ఏనుగు అలాంటిది కాదు. అడవిలో పట్టినా, మనిషి దగ్గరే పుట్టినా, ప్రతి ఏనుగునూ విడివిడిగా, మళ్లీ మొదటి నుంచీ లొంగదీయవలసిందే. ఆడ ఏనుగు సాధారణంగా బతికినన్నాళ్లూ తల్లి, అక్కచెల్లెళ్లు ఉన్న మందను వదలదు. అటువంటి జంతువును గున్నగా ఉన్నప్పుడే తల్లి నుంచి వేరుచేసి, కట్టివేసి, ఆకలితోనూ అంకుశంతోనూ భయపెట్టి, మనిషి మాటకు ఎదురు తిరగకూడదని నేర్పుతారు. సవారీలో మనకు కనిపించే ఆ నెమ్మదితనం చాలావరకు అలా వచ్చినదే.

అమేర్‌లో సవారీకి వాడే ఏనుగుల్లో ఎక్కువ భాగం ఆడవే. 2018లో భారత జంతు సంక్షేమ బోర్డు తరఫున అక్కడ 102 ఏనుగులను పరీక్షించినప్పుడు వాటిలో 10 ఏనుగులకు క్షయ సోకినట్టు తేలింది, 19 ఏనుగులకు చూపు దెబ్బతిని ఉంది. క్షయ ఏనుగు నుంచి మనిషికీ, మనిషి నుంచి ఏనుగుకూ కూడా సోకుతుంది. 2024 ఫిబ్రవరిలో గౌరి అనే ఏనుగు సవారీకి వచ్చిన ఒక విదేశీ మహిళను తొండంతో లాగి కింద పడవేసింది. ఆ ఏనుగును దుష్టురాలు అనడానికి నాకు నోరు రాదు.

అస్సాంలోని కజిరంగా అడవిలో కూడా ఏనుగు సవారీ ఉంది కదా, మన పలమనేరు దగ్గర కుంకీలనే శిక్షణ పొందిన ఏనుగులున్నాయి కదా అని మీరు అడుగుతారు. పనికి వాడే ఏనుగుకూ, సరదా సవారీకి వాడే ఏనుగుకూ మధ్య తేడా ఉంది. 2025లో కర్ణాటక మన రాష్ట్రానికి ఇచ్చిన కుంకీలు పొలాల మీదికి వచ్చే అడవి ఏనుగుల మందలను వెనక్కి మళ్లించడానికి ఉద్దేశించినవి. కజిరంగాలోనూ జీపు దూరలేని నిలువెత్తు గడ్డిలో అటవీ సిబ్బంది గస్తీ తిరగడానికి ఏనుగు కావాలి. ఆ పనుల్లో కష్టం లేదని నేను అనను గానీ, వాటికి అడవినీ పంటనూ కాపాడటమనే కారణమైనా ఉంది. అదే కజిరంగాలో తెల్లవారుజామున పర్యాటకులను మోసే సవారీకి మాత్రం ఫొటో తప్ప వేరే కారణం నాకు కనిపించదు.

ఇక పెద్దమ్మాయి ప్రశ్న. అది గట్టి ప్రశ్న అని 2020లోనే రుజువైంది. కరోనా వల్ల పర్యాటకులు రాక సవారీలు ఆగిపోగానే జైపూర్‌లో ఏనుగుల యజమానులకు వాటిని మేపడమే భారమైంది. రోజుకు నూట యాభై కిలోలకు పైగా మేత తినే జంతువు అది. కనుక "సవారీ ఆపండి" అన్న ఒక్క మాటతో మన బాధ్యత తీరిపోదు. మరుసటి రోజు ఆ ఏనుగూ మావటీ ఎలా బతకాలో కూడా అడిగేవారే సరైన ఉద్యమం చేసినట్టు.

కంబోడియాలో పురాతన ఆలయాలున్న అంగ్‌కోర్‌లో అలాగే జరిగింది. 2016 ఏప్రిల్‌లో మండుటెండలో ఇద్దరు పర్యాటకులను మోసిన సాంబో అనే ఆడ ఏనుగు దారిలోనే కూలి చనిపోయింది. అప్పటికి దానికి నలభై దాటిన వయసు. సవారీలు ఆపాలని ప్రపంచం నలుమూలల నుంచి వేలాది మంది విజ్ఞప్తి పత్రం మీద సంతకాలు చేశారు. వెంటనే ఏమీ ఆగలేదు. చివరకు ఆ ఏనుగుల యజమానులే సవారీలు మానేస్తామని 2019లో ప్రకటించి, 2020 నాటికి వాటిని ఆలయాలకు దూరంగా ఉన్న ఒక అడవికి చేర్చారు. అక్కడ ఏనుగులు తిరుగుతూ, మేస్తూ, స్నానం చేస్తూ ఉంటే చూడటానికే జనం డబ్బు కట్టి వస్తున్నారు. సంపాదన ఆగలేదు, బరువు మాత్రం దిగింది. అయితే అలాంటి చోట్లలో కూడా ఏనుగుల చేత ఆటలు ఆడించేవి ఉంటాయి కనుక పేరు చూసి మోసపోకూడదు.

ఇప్పుడు మీరు చేయగలిగినది చెబుతాను. మీకు టికెట్లు తీసిన టూర్ కంపెనీకి, రాజస్థాన్ పర్యాటక శాఖకు మీ చేతిరాతతో ఒక్కొక్క ఉత్తరం రాయండి. ఏనుగు సవారీని తమ యాత్రల పట్టిక నుంచి తీసివేయాలనీ, దాని బదులు బ్యాటరీ బండ్లు నడిపి, వాటి మీద వచ్చే డబ్బులో కొంత ఏనుగుల మేతకూ వైద్యానికీ, మావటీల జీతాలకూ కేటాయించాలనీ అడగండి. కోపంగా రాయకండి, మావటీని రాక్షసుణ్ని చేసి అసలే రాయకండి. ఆయనకు కూడా ఆ పని తాతతండ్రుల నుంచి వచ్చిందే. రాసిన కాగితాలు ముందు నాకు పంపితే అక్షరదోషాలు దిద్ది పంపుతాను.

కోటకు నడక దారి ఉంది, జీపులూ ఉన్నాయి. చిన్నవాడు నడవలేనంటే జీపు ఎక్కించండి, అయినా అలక తీరకపోతే నాకు ఫోను చేయమనండి.

ఇట్లు,
మీ తాతయ్య